కనిపించకుండా పోయిన అరవై అయిదు వోల్టులు

పెట్టెలో థర్మామీటరు వంద ఫారెన్‌హీట్ డిగ్రీలు చూపించాలి. ఆ రోజు పొద్దున తొంభై మూడు చూపించింది. నేను బడి నుంచి వచ్చి చూసేసరికి తొంభై ఒకటి.

పెట్టె అంటే మా నాన్న వలలు దాచుకునే పాత చెక్కపెట్టె. నాన్న బందరు హార్బరుకు బోటు పనికి వెళ్ళాక అది ఖాళీగా పడి ఉంది. దానికి లోపల గోనెసంచులు కొట్టి, మూత కింద నాలుగు అరవై వాట్ల బల్బులు బిగించి, అడుగున జాలీ మీద గడ్డి పరిచి బాతుగుడ్లు పేర్చాం. వందకు పైగా ఉన్నాయి. మా వైపు బాతుగుడ్లను నాటుకోడి కింద పెట్టి పొదిగిస్తారు, బాతుకు అంత ఓపిక ఉండదు. ఆ ఏడు వానల్లో తెగులు వచ్చి ఊళ్ళో కోళ్ళు పోయాయి, మా బాతుల్లోనూ చాలా పోయాయి. అప్పుడు పశువుల డాక్టరు గారు బల్బుల పెట్టె సంగతి చెప్పారు. పోలరాజు మావయ్య చేసిపెట్టాడు. అక్టోబరులో కాసిని గుడ్లు పెట్టి చూస్తే పిల్లలు చక్కగా దిగాయి. ఆ ధైర్యంతో జనవరిలో అమ్మ, మిగిలిన బాతులు పెట్టిన గుడ్లు ఒక్కటీ అమ్మకుండా కూడబెట్టి అన్నీ పెట్టెలో పెట్టేసింది.

ఇవి దిగితే మళ్ళీ బాతుల మంద అవుతుంది. దిగకపోతే అమ్మ రొయ్యల షెడ్డుకు వెళ్ళాలి. అంతకుముందు ఒక ఏడాది వెళ్ళింది. పొద్దస్తమానం ఐసు నీళ్ళలో చేతులు పెట్టి రొయ్యలు వలవడమే పని. ఇంటికొచ్చి అన్నం కలుపుకోవాలంటే వేళ్ళు వంగేవి కావు. గోళ్ళ చుట్టూ పుళ్ళు. ఆ ఏడాది అమ్మకు జడ నేనే వేసేదాన్ని. షెడ్డు మేస్త్రీ మొన్ననే వచ్చి సీజను మొదలవుతోంది, పేరు రాసుకోమంటావా అని అడిగి వెళ్ళాడు. గుడ్లు దిగాక చెబుతానంది అమ్మ.

ఆ సాయంత్రం అమ్మ ఒక గుడ్డు తీసి, టార్చిలైటు మూతి మీద పెట్టి, చుట్టూ గుప్పిట మూసి నాకు చూపించింది. ఎర్రటి వెలుగులో సన్నని నరాలు. మధ్యలో నల్లగా ఒక నీడ. చూస్తుండగానే ఆ నీడ చిన్నగా కదిలింది.

"బతికే ఉంది" అంది అమ్మ. "కానీ ఒళ్ళు చల్లగా ఉందే గంగా."

మావయ్య మూత మీద ఇంకో రెండు గోనెసంచులు కప్పాడు. "చలక్కా. మాఘం చలి. బల్బులు మాత్రం ఏం చేస్తయ్?" అన్నాడు.

పక్కింటి వెంకటరత్నమ్మత్త గోడ అవతలి నుంచి చూస్తోంది. "కోడి చేసే పని కరెంటు చేస్తదా నాగలక్ష్మీ? పాడవకముందే అట్లేసుకు తినండి. మాకూ రెండు పంపు" అంది.

అమ్మ పొయ్యి దగ్గరికి వెళ్ళింది. వేన్నీళ్ళు కాచి, రెండు తపేలాలు పెట్టెలో గుడ్ల పక్కన పెట్టింది. కరెంటు పోయినప్పుడు చేసే పని అది. ఆ రోజు కరెంటు ఉంది. నాలుగు బల్బులూ వెలుగుతూనే ఉన్నాయి.

నాకు ఒక్కటే తేడాగా అనిపించింది. అక్టోబరులో మూత ఎత్తితే బల్బుల వంక చూడలేకపోయేదాన్ని, కళ్ళు మూతపడేవి. ఇప్పుడు లోపలి తీగ మెలికలు లెక్కపెట్టగలిగేలా పచ్చగా వెలుగుతున్నాయి. చలి గాలిని చల్లబరుస్తుంది గాని బల్బును పచ్చగా చేయదు కదా. ఈ మాట మావయ్యతో అనాలనుకున్నాను. అనలేకపోయాను. నాకు ఎప్పుడూ అంతే. క్లాసులో జవాబు తెలిసినా లేవను. ఇంటికొచ్చి డైరీలో రాసుకుంటాను. ఆ రోజూ అదే చేశాను.

మర్నాడు బడిలో జహీదాకు చెప్పాను. జహీదాతో మాత్రం మాట్లాడగలను. టెన్తులో మేమిద్దరం ఒకే బెంచీ. వాళ్ళ నాన్న కరిముల్లా గారికి బస్టాండు పక్కన మోటారు రివైండింగ్ షాపు ఉంది. చేపల చెరువుల మీద కాలిపోయిన మోటార్లన్నీ ఆయన దగ్గరికే వస్తాయి.

"ఇంతేనా? సాయంత్రం మా అబ్బాని తీసుకొస్తా" అంది జహీదా.

"ఆయనకు పనుంటుందేమో."

"పనుంటే నేను ఏడుస్తా. అప్పుడొస్తాడు."

అన్నట్టుగానే పొద్దుండగానే మోపెడ్ మీద ఇద్దరూ వచ్చారు. కరిముల్లా గారు చేతిసంచి దించుతూ, "ఏమ్మా నాగలక్ష్మీ, గుడ్లు ఉడుకుతున్నయ్యా, పొదుగుతున్నయ్యా?" అన్నారు.

"ఉడికినా బాగుండు అన్నయ్యా, తినొచ్చు. చల్లారిపోతున్నయ్" అంది అమ్మ.

ఆయన పెట్టె స్విచ్చి ఆపించి, ఒక బల్బు ఊడదీసి, ఖాళీ హోల్డరులో మీటరు పుల్లలు రెండూ ఆనించి స్విచ్చి వేయించారు. మిగిలిన మూడు బల్బులనూ అప్పటికే వదులు చేశారు. పని చేసేటప్పుడు లోడంతా తీసేయడం ఆయనకు అలవాటు. మీటరు ముల్లు లేచి రెండువందల పాతిక దగ్గర ఆగింది.

"వోల్టేజి బ్రహ్మాండంగా ఉంది. మా షాపులోనే ఇంత రాదు" అన్నారు. "బల్బులు నాసిరకం అయ్యుంటయ్. మార్చి చూడండి."

"అవి అక్టోబరులో తెచ్చినయ్యే అన్నయ్యా. అప్పుడు బానే పన్జేసినయ్."

"అయితే చలి."

"నే చెప్పలా?" అన్నాడు మావయ్య.

కరిముల్లా గారు బల్బులన్నీ బిగించి మీటరు సంచిలో పెట్టుకున్నారు. బల్బులు వెలిగాయి. మళ్ళీ అదే పచ్చరంగు.

ఆయన వెళ్ళిపోతే ఇంకెవరూ రారు. గుడ్లలో నీడలు ఎంతసేపు కదులుతాయో తెలియదు. కానీ ఆయన మాటలో నాకు తప్పు కనిపిస్తోంది. అంత పెద్ద మనిషికి ఎలా చెప్పాలి? జహీదా చెవిలో చెప్పాను.

జహీదా ఊరంతా వినేట్టు అరిచింది. "అబ్బా! బల్బులు వెలుగుతుండగా కొలవమంటోంది!"

"అదే వోల్టేజి ఉంటది తల్లీ. ఎక్కడికి పోద్ది?"

జహీదా నా వంక చూసింది. నేను మళ్ళీ చెవిలో చెప్పబోతే పక్కకు జరిగింది. "నాకు ఫిజిక్సు రాదు. నువ్వే చెప్పు" అంది.

అందరూ నన్నే చూస్తున్నారు. వెంకటరత్నమ్మత్త కూడా గోడ మీద మోచేతులు ఆనించింది. నేను పెట్టె మూత వంక చూస్తూ మాట్లాడాను. మనుషుల వంక చూస్తే మాట రాదు.

"బల్బులు తీసేశాక తీగల్లో కరెంటు పారట్లేదు బాబాయ్. దారిలో ఎంత రెసిస్టెన్సు ఉన్నా, పారే కరెంటు సున్నా అయితే పోయే వోల్టేజి సున్నాయే. సున్నాతో దేన్ని గుణించినా సున్నాయే కదా. అందుకని మొత్తం రెండువందల పాతిక కనపడింది. కరెంటు పారుతున్నప్పుడు చూస్తే ఎంత పోతోందో తెలుస్తది."

ఆయన మళ్ళీ సంచిలోంచి మీటరు బయటకు తీశారు. ఈసారి నాలుగు బల్బులూ వెలుగుతుండగా, పెట్టెకు వెళ్ళే రెండు తీగల మధ్య, స్విచ్చికి ముందే పుల్లలు పెట్టారు.

ముల్లు నూట అరవై దగ్గర ఆగింది.

ఆయన మీటరును తట్టి చూశారు. స్విచ్చి ఆపించారు. రెండువందల పాతిక. వేయించారు. నూట అరవై.

"అమ్మాయ్" అన్నారు, "ఈ అరవై అయిదు వోల్టులు ఏమైనయ్?"

"కరెంటు ఎంత పారుతోందో చూస్తే చెప్పొచ్చు బాబాయ్. మీ దగ్గర ఆంపియర్ మీటరు ఉందా?"

ఉంది. మోటార్లకు వాడేది. స్విచ్చి ఆపి, పెట్టెకు వెళ్ళే ఒక తీగ మధ్యలో విప్పి, పెట్టెకు పోయే కరెంటంతా దానిలోంచే పోయేట్టు కలిపారు. మా బళ్ళో ల్యాబులో ఉన్నవి బ్యాటరీల మీద పనిచేసే మీటర్లు. ఇంటి కరెంటు ఎంతో ముల్లు చూపించడం నేను అదే మొదటిసారి చూడటం. అది ఒకటికి కాస్త ఇవతల, సున్నా పాయింటు ఎనభై అయిదు మీద నిలబడింది.

పొయ్యి దగ్గరి బొగ్గుముక్క తెచ్చి పెట్టె మూత మీదే లెక్క వేశాను.

"బల్బుల దగ్గర నూట అరవై వోల్టులు. కరెంటు పాయింటు ఎనభై అయిదు. గుణిస్తే నూట ముప్ఫై ఆరు వాట్లు. నాలుగు అరవైలు రెండువందల నలభై రావాలి. వస్తోంది సగానికి కొంచెం ఎక్కువ."

"అందుకే చల్లారుతున్నయ్యి" అంది అమ్మ.

"పోయిన వోల్టులు అరవై అయిదు. అదే కరెంటుతో భాగిస్తే డెబ్భై ఆరు ఓములు. దారిలో ఎక్కడో డెబ్భై ఆరు ఓముల రెసిస్టెన్సు కూర్చుని ఉంది."

కరిముల్లా గారు తల అడ్డంగా ఊపారు. "డెబ్భై ఆరా? స్తంభం నుంచి మీ ఇంటిదాకా తీగ కొలిస్తే ఒక్క ఓము కూడా రాదమ్మాయ్. ఎక్కడో లెక్క తప్పావు."

నేను మళ్ళీ వేశాను. ఆయన కూడా మనసులో వేసుకున్నారు, పెదాలు కదలడం కనిపించింది. డెబ్భై ఆరే వచ్చింది.

అప్పుడు నేను బయటికి వెళ్ళి తీగలు చూడటం మొదలుపెట్టాను. మాస్టారు పాఠం చెప్పేటప్పుడు బోర్డు మీద గీసే బొమ్మలో తీగ బ్యాటరీ నుంచి బయలుదేరి బల్బులోంచి తిరిగి బ్యాటరీకే చేరుతుంది. మా ఇంటికి స్తంభం నుంచి ఒక తీగ వస్తోంది. గోడకున్న కరెంటు మీటరులోకి, అక్కణ్ణుంచి పెట్టెకు. వెళ్ళే దారి తెలిసింది.

"మావయ్యా" అన్నాను, "తిరిగి వెళ్ళే తీగ ఏది?"

మావయ్యకు నవ్వొచ్చింది. "తీగెందుకే? ఎప్పుడో గాలివానకి ఆ రెండో తీగ తెగిపోయింది. లైన్‌మన్ కోసం ఎవడు చూస్తాడని భూమిలోకి పైపు దిగ్గొట్టి దానికి కలిపా. ఈ వీధిలో సగం ఇళ్ళకి నేనే కలిపా. మన నేల ఎప్పుడూ తడే. భూమిని మించిన తీగుందా?"

"ఎక్కడ దిగ్గొట్టావు?"

"ఎక్కడేంటి, అందరికీ దిగ్గొట్టే చోటే. పెరట్లో, అంట్లు తోమే రాయి కింద. రోజూ నీళ్ళు పడతయ్, పైపు ఆరదు."

అమ్మ చేతిలో ఉన్న చెంబు అలాగే పట్టుకుని నిలబడిపోయింది. "అక్కడ ఇప్పుడు అంట్లు తోమట్లేదురా తమ్ముడూ. దసరా ముందు వాకిట్లో బోరు వేశాం కదా. అప్పట్నించీ బోరు కాడే తోముతున్నా."

అందరం పెరట్లోకి నడిచాం. అంట్ల రాయి తిరగబడి ఉంది. పక్కన ఇనుపపైపు తల కనిపిస్తోంది. చుట్టూ నేల బీటలు వారి ఉంది. అక్టోబరులో వానలు పడ్డాయి, పక్క చేలల్లో నీళ్ళు నిలిచాయి. కోతలయ్యాక చేలు ఆరాయి, కాలువకు నీళ్ళు ఆపేశారు. మా ఇల్లు మెరక మీద ఉంది. ఆ తడి కూడా దిగిపోయింది.

కరిముల్లా గారు పైపు మీద చెయ్యి వేయబోయిన మావయ్యను గట్టిగా వెనక్కి లాగారు. "ముట్టుకోకు. నీ భూమి తీగలో కరెంటు పారుతోంది."

మావయ్య ముఖం మాడిపోయింది.

"మీరు మీటరు దగ్గర ఉండండి బాబాయ్" అన్నాను. నేనే అన్నానా అని నాకే ఆశ్చర్యం వేసింది. "పెట్టె ఆపి ఇక్కడ నీళ్ళు పోస్తాను. తర్వాత వేస్తే ముల్లు నూట అరవై దాటాలి. దాటకపోతే నా లెక్క తప్పు."

"దాటకపోతే?" అంది వెంకటరత్నమ్మత్త. ఎప్పుడు గోడ దిగిందో, మా పెరట్లోకి వచ్చేసింది.

"అట్లేసుకుందాం అత్తా" అంది జహీదా.

స్విచ్చి ఆపించి, కరెంటు బాగా పారేందుకు ఉప్పు కలిపిన నీళ్ళు అమ్మ బిందెతో పోసింది. నేల ఆ నీళ్ళను బుస్సుమని తాగేసింది. ఇంకో బిందె. జహీదా బోరు కొడుతుంటే నేనూ అమ్మా మోశాం. నాలుగో బిందెకు నీళ్ళు పైన నిలబడ్డాయి. అందరినీ దూరం జరగమని కరిముల్లా గారు లోపలికి వెళ్ళి స్విచ్చి వేశారు.

లోపలి నుంచి ఆయన గొంతు వినిపించింది. "నూట తొంభై... రెండువందల రెండు... రెండువందల పది."

నేను పరిగెత్తాను. పెట్టె మూత సందుల్లోంచి తెల్లటి వెలుగు గోడల మీద పడుతోంది. మూత ఎత్తాను. కళ్ళు మూతపడ్డాయి.

అమ్మ నా వెనకే నిలబడింది. "లెక్క చెప్పవే" అంది. "పూర్తిగా చెప్పు. నాకు అర్థమయ్యేట్టు."

మొదటి కొలత లెక్కలో మిగిలిన ఒక్క గుణకారం అప్పుడు చేశాను. అరవై అయిదు వోల్టులు, పాయింటు ఎనభై అయిదు ఆంపియర్లు. యాభై అయిదు వాట్లు. "ఇన్నాళ్ళూ నూట ముప్ఫై ఆరు వాట్లే గుడ్లకు వెళ్ళాయమ్మా. యాభై అయిదు వాట్ల వేడి ఆ పైపు చుట్టూ మట్టిలోకి పోయింది."

"అంటే ఒక బల్బంత వేడితో మట్టిని పొదిగామా?" అంది అమ్మ.

కరిముల్లా గారు నవ్వు ఆపుకోలేక గోడకు ఆనుకున్నారు. మావయ్య కూడా నవ్వాడు, కాస్త ఆలస్యంగా.

ఆంపియర్ మీటరు ఇప్పుడు దాదాపు ఒకటి చూపిస్తోంది. నేను ఇంకో లెక్క వేసి చూసుకున్నాను. బల్బుల రెసిస్టెన్సు ఇందాక నూట ఎనభై ఎనిమిది ఓములు, ఇప్పుడు రెండువందల పైన. అవే బల్బులు. పుస్తకంలో రెసిస్టెన్సు మారదని ఉంది. కరిముల్లా గారిని అడిగితే, "తీగ బాగా కాలితే పెరుగుద్ది. కారణం నాకూ తెలీదు, మీ మాస్టారిని అడుగు" అన్నారు. మర్నాడు క్లాసులో లేచి నిలబడి అడిగాను. మాస్టారు సుద్దముక్క కింద పెట్టి, ఇది ఎక్కడ చూశావమ్మా అని అడిగారు. ఆ పీరియడంతా దాని మీదే నడిచింది.

నీళ్ళు పోయడం ఆ ఒక్క రాత్రికే. పైపు దగ్గరికి ఎవరూ వెళ్ళకుండా ముళ్ళకంప అడ్డం వేశాం. కరిముల్లా గారు వెళ్తూ వెళ్తూ లైన్‌మన్ మరియదాసు గారింటికి వెళ్ళి గట్టిగా చెప్పారు. పొద్దున్నే ఆయన నిచ్చెనతో వచ్చి, లైను ఆపించి, స్తంభం నుంచి రెండో తీగ లాగి కలిపారు. పైపుకు కలిపిన తీగను మావయ్య చేతే తీయించారు. "నువ్వు కలిపిన ఇళ్ళన్నీ చూపించు పోలరాజూ" అని వెంట తీసుకెళ్ళారు. ఆ రోజంతా మా వీధిలో నిచ్చెన కదులుతూనే ఉంది. పెట్టె దగ్గర బల్బులు వెలుగుతుండగా కొలిస్తే రెండువందల ఇరవై నాలుగు. థర్మామీటరు సాయంత్రానికి వంద. ఇంకా ఎక్కువవుతుందేమోనని ఒక బల్బు తీసేయాల్సి వచ్చింది కూడా.

అయినా భయం పోలేదు. ఆ చల్లారిన రోజుల్లో ఎన్ని పోయాయో ఎవరికి తెలుసు. అమ్మ రోజూ టార్చితో చూసి, కదలని వాటిని పక్కన పెట్టేది. అవి ఎన్నయ్యాయో నేను లెక్కపెట్టేదాన్ని కాదు.

ఒక ఆదివారం పొద్దున పళ్ళు తోముకుంటుంటే లోపలి నుంచి అమ్మ పిలిచింది. "గంగా. ఇట్రా. చప్పుడు చేయకు."

పెట్టెకు చెవి ఆనించాను. లోపల ఎవరో గోటితో పెంకు గీరుతున్నట్టు టిక్ టిక్ మని చప్పుడు. ఒకచోట కాదు, అన్నివైపుల నుంచీ. మూత ఎత్తితే గుడ్ల మీద నక్షత్రాల్లా పగుళ్ళు. ఒక పగులులోంచి చిన్న ముక్కు బయటికొచ్చి, లోపలికి పోయి, మళ్ళీ వచ్చింది.

సాయంత్రానికి గంపలు చాలలేదు. వెంకటరత్నమ్మత్త వాళ్ళ గంప తెచ్చింది. అదీ నిండింది. తడిసిన పసుపుముద్దల్లా ఉన్నవి ఆరగానే దూదిలా విచ్చుకుని అరుస్తున్నాయి. జహీదా ఎనభై మూడు అని లెక్క తేల్చింది. మావయ్య ఎనభై అయిదన్నాడు. అవి ఒక చోట ఉంటే కదా.

"అయితే కోడి అక్కర్లేదంటావ్" అంది వెంకటరత్నమ్మత్త నాతో. "నా గుడ్లు కూడా పెడతావా?"

"పెడతాను అత్తా" అన్నాను. "తాజావి తీసుకురా. చెవి దగ్గర ఊపితే లోపల కదిలేవి వద్దు." ఆమె కళ్ళలోకి చూస్తూనే చెప్పాను.

అప్పుడే వాకిట్లో సైకిలు బెల్లు మోగింది. రొయ్యల షెడ్డు మేస్త్రీ. "నాగలక్ష్మమ్మా, రేపట్నుంచి వ్యాను వస్తోంది. పేరు రాసుకోనా?" అన్నాడు.

అమ్మ పెట్టె ముందు కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. ఒళ్ళో నాలుగు పిల్లలు నిద్రపోతున్నాయి. ఆఖరున దిగిన దాన్ని పాత చీర ముక్కతో తుడుస్తోంది. తల తిప్పి ఆయన వంక చూసింది.

"రాసుకోకండి" అంది. మళ్ళీ తుడవడంలో పడిపోయింది.